నయీముద్దీన్ కాచిన చారు

"బుర్ర తుప్పు పట్టొద్దంటే రోజూ ఏదన్న కొత్తది నేర్చుకోండ్రి" అని దవాఖానల డాక్టరమ్మ మా ఇద్దరికీ చెప్పింది. మా ఆయన నయీముద్దీన్ వంట నేర్చుకుంటనన్నడు.

ముప్పై ఏండ్లు ఎనుమాముల మార్కెట్ల మిర్చి గ్రేడింగ్ చేసిన మనిషాయె. చారులకు నాలుగు ఎండుమిరపకాయలు తియ్యమంటే డబ్బా మొత్తం చాప మీద గుమ్మరించి, ఒక్కోదాన్ని విరిచి, వాసన చూసి, మూడు కుప్పలు పోసిండు. చారు మరిగేసరికి పొద్దు వాలింది.

చెమట తుడుచుకుంట నా మొఖం దిక్కు చూసిండు. చారు మస్తు కుదిరింది. అయినా, ఇన్నేండ్లు నా వంట తిని ఆయన అన్నట్టే, మూతి ముడిచి "జర ఉప్పు తక్కువైంది" అన్న.

పాపం, బెంబేలు పడ్డడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. డాక్టరమ్మ నాకు గూడ చెప్పింది గదా, వంక పెట్టుడు నేర్చుకుంటున్న."