మూడో వాయిదా

బటన్ నొక్కితే స్టార్టర్ గిరగిరా తిరిగింది గానీ ఇంజన్ అందుకోలేదు. తొమ్మిదోసారో పదోసారో నొక్కేసరికి ఆ తిరగడమూ నీరసపడి, చివరికి టక్‌మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. అద్దాలాయన హ్యాండిల్ మీద తల ఆనించాడు. ఎనిమిదిన్నర అయింది. పదిన్నరకి కోర్టులో ఉండాలి. కోర్టు ఇరవై కిలోమీటర్ల దూరం.

కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని ఆయనది. అందుకే వీధిలో అందరికీ అద్దాలాయన. ఆరేళ్ళ కూతుర్ని తీసుకుని భార్య వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. పాపని చూడనివ్వమని వేసుకున్న పిటిషన్‌కి ఈ రోజు మూడో వాయిదా. మొదటి వాయిదాకి కామెర్లతో మంచంలో ఉన్నాడు. రెండో వాయిదాకి ఇదే బండి, ఇలాంటి ముసురులోనే, దారిలో ఆగిపోయింది. "ఈసారీ రాకపోతే కొట్టేస్తారయ్యా. ఇక నేను చెయ్యగలిగింది ఏమీ లేదు," అని లాయరు తేల్చేశాడు.

ఆరు రోజులుగా ముసురు వదల్లేదు. పల్లపు రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయని బస్సులు ఆపేశారు. ముగ్గురు ఆటోవాళ్ళని బతిమాలాడు. ఆ నీళ్ళలోకి రామన్నారు. మిగిలింది ఈ పాత క్రూయిజర్ మోటార్‌సైకిలే. దాని బరువు చూసి దున్నపోతని పేరు పెట్టినవాడు బామ్మర్ది. వాన పడితే దున్నపోతుకి లెక్కే ఉండదంటారు. ఈ దున్నపోతు మాత్రం నాలుగు చినుకులకే మంచం పట్టేది.

దాని గుట్టుమట్లు తెలిసిన మెకానిక్ కూడా ఆ బామ్మర్దే. భార్యకి తమ్ముడు. ఆయనకి వ్యతిరేకంగా కోర్టులో అఫిడవిట్ వేసినవాడు.

అద్దాలాయన కాసేపు వానకేసి చూశాడు. తర్వాత కేసు కాగితాల ఫైలుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కాలో దోపుకుని బండిని నెట్టడం మొదలుపెట్టాడు.

నాలుగు వీధులే. అయినా నాలుగు కొండలెక్కినట్టయింది. పిక్కల దాకా నీళ్ళు. గుంట ఎక్కడుందో కనపడదు. మలుపు దగ్గర బండి పక్కకి ఒరిగితే, పడిపోకుండా తుంటి అడ్డుపెట్టాడు. సైలెన్సర్ అంచు మోకాలు గీరేసింది. షాపు దగ్గరికి చేరేసరికి ఊపిరి అందక షట్టరు పట్టుకుని నిలబడిపోయాడు.

సగం ఎత్తిన షట్టరు కింద నుంచి బామ్మర్ది వంగి చూశాడు.

"మీరు ఇక్కడికి రాకూడదండి."

తొమ్మిదేళ్ళుగా "బావా" తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది. ఆ 'అండి' చెంపదెబ్బలా తగిలింది.

"పదిన్నరకి వాయిదా. బండి స్టార్టవట్లేదు."

"వాయిదా సంగతి నాకూ తెలుసు. అక్క నిన్ననే వెళ్ళి కోర్టు దగ్గర పిన్నీ వాళ్ళింట్లో దిగింది. ఇప్పుడు నేను దీన్ని బాగుచేసి మిమ్మల్ని పంపిస్తే మళ్ళీ నా మొహం చూస్తుందా?"

"చూడదు," అన్నాడు అద్దాలాయన. "అయినా అడుగుతున్నాను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగాడు. బామ్మర్ది కాలినట్టు వెనక్కి గెంతాడు.

"అదేం పని! లేవండి ముందు. బావమరిది బతుకు కోరతాడని ఎవడన్నాడో గానీ, వాడికి అక్క లేదు." చేతిలో గుడ్డని బల్ల మీదికి విసిరాడు. "నేను రాసిచ్చిందాంట్లో అబద్ధం ఉందా, చెప్పండి. పాపని స్కూల్లో మర్చిపోయారా లేదా? ఏడింటి దాకా గేటు దగ్గర ఒక్కతే కూర్చుంది. వెళ్ళి తెచ్చింది నేను. రమ్మంటే రాదే! 'నాన్న దారిలో ఉంటాడు మామయ్యా, ఇంకొంచెం సేపు చూద్దాం' అంటుంది."

ఆ మాట అద్దాలాయన ఇంతకుముందు వినలేదు. అఫిడవిట్‌లో అది లేదు. నోరు తెరిచాడు. ఆ రోజు షాపులో అద్దాలు పాడైన సంగతీ, ఓనరు నిలబెట్టి తిట్టిన సంగతీ నాలిక చివరి దాకా వచ్చాయి.

"అబద్ధం లేదు," అన్నాడు. "మర్చిపోయాను. అంతే."

బామ్మర్ది షట్టరు పైకెత్తి, హ్యాండిల్ పట్టుకుని బండిని లోపలికి లాగాడు.

"ఎన్నిసార్లు నొక్కావు?"

"పదిసార్లు."

"చంపేశావు బ్యాటరీని."

ప్లగ్ విప్పి తీశాడు. నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. తుడిచి పక్కన పెట్టాడు. వేరే బ్యాటరీ తగిలించాడు. ప్లగ్‌కి తొడిగే రబ్బరు టోపీలో పాత ప్లగ్ ఒకటి గుచ్చి, ఇంజన్‌కి దూరంగా చట్రానికి ఆనించి, షట్టరు దించి లైటు ఆర్పి బటన్ నొక్కాడు. ప్లగ్ దగ్గర ఏమీ రాలేదు గానీ, దానికి వెళ్ళే లావు వైరు పక్క నుంచి, చీకట్లో, సన్నటి నీలం మెరుపులు టిక్కుటిక్కుమంటూ చట్రంలోకి దూకాయి.

"చూశావా? వైరు పగిలింది. ఎండ కాస్తే పనిచేస్తుంది, చెమ్మ తగిలితే కరెంటంతా దారిలోనే కారిపోతుంది."

పగిలిన ముక్క కోసేసి టోపీ మళ్ళీ బిగించాడు. కార్బురేటర్ అడుగు మర విప్పి గాజు గ్లాసులోకి వంపితే, పెట్రోలు కింద నీటిబొట్లు ముత్యాల్లా దొర్లాయి. అదీ శుభ్రం చేశాడు. ప్లగ్‌ని స్టవ్ మీద వెచ్చచేసి బిగించాడు. బటన్ నొక్కితే రెండుసార్లు దగ్గి, మూడోసారికి దున్నపోతు లేచింది.

"నీళ్ళలో గేరు మార్చకు. ఆగిందా, కంగారుపడి నొక్కుతూ కూర్చోకు. టోపీ లాగి, లోపల పొడిగా తుడిచి పెట్టు. ఇంక పో," అన్నాడు, మొహం అటు తిప్పుకుని. గోడ గడియారంలో పది కావస్తోంది.

పల్లపు రోడ్డు సగం దాకా బాగానే వెళ్ళింది. ఎదురుగా వచ్చిన లారీ ఒకటి నీళ్ళని గోడలా లేపి మీద పోసింది. బండి రెండుసార్లు తుళ్ళి ఆగిపోయింది.

బటన్ మీదికి బొటనవేలు దానంతటదే వెళ్ళింది. పళ్ళు బిగబట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నీళ్ళలోంచి నెట్టుకుంటూ మూసున్న టైర్ల కొట్టు చూరు కిందికి చేర్చాడు. టోపీ లాగాడు. తుడవడానికి ఏదీ? చొక్కా, బనీను, జేబురుమాలు, అన్నీ పిండితే కారుతున్నాయి. ఒంటి మీద పొడిగా ఉన్నది ఒక్క ఫైలే. కాగితాలు తిరగేశాడు. పిటిషన్ ముట్టుకోకూడదు. జీతం కాగితం కావాలి. బామ్మర్ది అఫిడవిట్ కాపీ నాలుగు పేజీలుంది. దాన్ని చింపి, వత్తిలా చుట్టి టోపీలోకి దూర్చి తిప్పాడు. ఒకటి తడిసింది. రెండోది తడిసింది. నాలుగోది పొడిగా బయటికొచ్చింది.

"నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి," అన్నాడు బండితో. నొక్కాడు. రాలేదు. ఏడుపొచ్చింది. గట్టిగానే ఏడ్చాడు, వానలో వినేవాళ్ళెవరు గనక. ముక్కు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. అందుకుంది.

కోర్టు మెట్లెక్కేసరికి పదకొండుంబావు. తలుపు దగ్గరే లాయరు ఎదురయ్యాడు.

"ఎక్కడ చచ్చావయ్యా! ఎప్పుడో పిలిచారు."

అద్దాలాయన గోడకి జారబడ్డాడు. "కొట్టేశారా?"

"కొట్టేసేవాళ్ళే. మీ ఆవిడ లేచి, దారిలో ఉన్నాడండీ అని చెప్పింది. ఆఖర్న పిలుస్తామన్నారు."

భార్య బెంచీ చివర కూర్చుని ఉంది. ఆయన మోకాలి మీద రక్తం చూసింది, చూపు తిప్పుకుంది.

"మీకోసం లేవలేదు నేను. తమ్ముడు ఫోన్ చేశాడు. మీరొచ్చేదాకా ఆపకపోతే అఫిడవిట్ మీద సంతకం వెనక్కి తీసుకుంటాట్ట. నా చేత్తో అన్నం పెట్టి పెంచాను వాణ్ణి. ఎప్పుడూ నా మాటకి ఎదురు చెప్పలేదు."

ఆయన బట్టల్లోంచి నీళ్ళు కారి కాళ్ళ కింద మడుగు కట్టింది.

మధ్యాహ్నానికి తేలింది. నెలకి రెండు శనివారాలు, రెండేసి గంటలు, కోర్టు పిల్లల గదిలో, ఒక ఉద్యోగి ఎదురుగా. ఇంటికి తీసుకెళ్ళడం కుదరదు. అడిగిందాంట్లో పావు వంతు కూడా కాదు. గ్రీజు అంటిన చేత్తో సంతకం పెట్టాడు.

బయటికొచ్చి బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"ఇచ్చారా?"

"రెండు శనివారాలు."

అవతల ఏదో ఇనుప ముక్క కింద పెట్టిన చప్పుడైంది. "అక్క ఏమంది?"

"నీ మీద చాలా కోపంగా ఉంది."

"ఉండదా మరి. కొన్నాళ్ళు నా షాపుకి రాకు బావా. ఫోన్ కూడా వద్దు."

"రానులే," అన్నాడు అద్దాలాయన. ఫోన్ పెట్టేశాక అక్కడే తడి మెట్ల మీద కూర్చుని, వచ్చే శనివారానికి ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.