కోర్టు లేచేదాకా

మా మేనత్త కనకవ్వ నా పక్కన బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని జొన్నరొట్టె తింటోంది. ఆమె పోయి తొమ్మిదేళ్ళయిందని నాకు బాగా గుర్తుంది, కానీ తినేవాళ్ళ దగ్గర ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించి, కూర ఏం తెచ్చావని మాత్రం అడుగుతున్నాను, ఆమె సగం రొట్టె తుంచి నా చేతిలో పెడుతోంది, నేను అలవాటు కొద్దీ దాన్ని విరిచి లోపల ఎలా కాలిందో చూస్తున్నాను.

బల్ల మా తాలూకా కోర్టు వరండాలోది. పందొమ్మిదేళ్ళ వయసులో ఒక పగలంతా దీని మీద కూర్చున్నాను కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాలేదు. అయితే వరండా చివర సైకిళ్ళు నిలిపే చోట ఇప్పుడు నిలువెత్తు అద్దాలున్నాయి, అద్దాల అవతల విమానాలు మేత ముగించిన బర్రెల్లాగా కదలకుండా నిలబడి ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్ళే వరుసలో అందరి చేతుల్లో పెట్టెలకు బదులు మూతికి గుడ్డ కట్టిన కుండలున్నాయి, కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఒక్కొక్క కుండనూ తూచి, చీటీ అతికించి, క్షేమంగా వెళ్ళిరండని పంపేస్తోంది. ఇందులో ఎవరికీ వింత కనబడటం లేదు, నాకూ కనబడటం లేదు. నా దగ్గర మాత్రం కుండ లేదు, ఒళ్ళో ఒక కాగితం ఉంది.

ఆ కాగితంలో ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర నా కలం ఆగిపోయింది. మీకు ఎప్పుడైనా, ఏ దేశంలోనైనా, నేరం రుజువై శిక్ష పడిందా అని అడిగారు, అవును, కాదు అని రెండు గళ్ళు ఇచ్చారు, అవును అయితే వివరించండి అని కింద నాలుగు వేళ్ళ మందాన తెల్లటి జాగా వదిలారు. మిగతా కాగితమంతా నేను చకచకా నింపేశాను. పదహారేళ్ళుగా హైదరాబాదు బేకరీలో రొట్టెలు చేస్తున్నాను, న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి బేకరీ యజమాని ఫోన్‌లో నేను పిండి పిసకడం గంటసేపు చూసి ఉద్యోగం ఇస్తున్నానని ఉత్తరం పంపాడు, నా చేతి మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. ఈ రెండు గళ్ళ దగ్గరే చిక్కొచ్చి పడింది.

అత్త కాగితంలోకి తొంగి చూస్తోంది. ఆమెకు చదువు రాదు, అయినా ముప్పై ఒకటో ప్రశ్న మీదే వేలు పెట్టి, ఇదేనా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేస్తోంది. ఇదే.

మా ఊళ్ళో ఆ రోజుల్లో గుడుంబా కాచని ఇల్లు తక్కువ. ఆబ్కారీ వాళ్ళకు నెలకు ఇన్ని కేసులని పైనుంచి ఒత్తిడి ఉండేది, ఊరికేమో నెమ్మది కావాలి, అందుకని జమేదారు యాకూబ్ సారూ మా పెద్దమనుషులూ కూర్చుని, నెలకొక ఇల్లు ఒక మనిషినీ ఒక కుండనూ ఇవ్వాలని మాట అనుకున్నారు. పొలానికి నీళ్ళ వంతు ఉన్నట్టు మాకు కేసుకూ వంతు ఉండేది. వంతు వచ్చిన మనిషి తలంటుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టి, సద్ది మూట పట్టుకుని జీపెక్కేది. నేరం ఒప్పుకుంటున్నావా అని మెజిస్ట్రేటు అడిగితే ఒప్పుకుంటున్న సారూ అనాలి, జరిమానా ఊరంతా కలిసి కట్టేది, శిక్ష మాత్రం కోర్టు లేచేదాకా. అంటే సాయంత్రం ఆయన కుర్చీలోంచి లేచే వరకు ఈ బల్ల మీద కూర్చోవడం. ఆ తర్వాత బజార్లో మిర్చిబజ్జీలు తిని ఆఖరి బస్సుకు ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఆ ఒక్క పగటి సంగతి కాగితం మీదికి ఎక్కి అక్కడే ఉండిపోతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నేను కేసుకు వెళ్ళిన నెల వంతు నిజానికి కనకవ్వత్తది. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. ఆమె పేరు అప్పటికే రెండుసార్లు ఎక్కింది, మూడోసారైతే జైలంటారని జమేదారు ముందుగానే చెప్పడంతో, ఆమెకు బదులు నేను జీపెక్కాను. ఇరవై ఒక్క ఏళ్ళుగా అందరికీ చెబుతున్నది ఇదే, మా అత్త కేసు నేను నెత్తినేసుకున్నానని. విన్నవాళ్ళంతా అయ్యో పాపం అంటారు, నాకది బాగానే ఉంటుంది.

వరస కదులుతోంది, నిలబడ్డవాళ్ళు మాత్రం తగ్గడం లేదు. జమేదారు యాకూబ్ సారు ఖాకీ చొక్కా మీద విమానం బొమ్మ బిళ్ళ పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, ఈ నెల ఎవరి వంతు, ఈ నెల ఎవరి వంతు అని నెమ్మదిగా అడుగుతున్నాడు, ఎవరూ తలెత్తడం లేదు. నేను అత్తకు బేకరీ సంగతులు చెబుతున్నాను. అక్కడి పొయ్యి మన గుడిసె అంత ఉంటుందని, తెల్లవారకముందే లేచి పిండి కలపాలని, పిండి పొంగిందా లేదా అని మిగతావాళ్ళు గడియారం చూస్తారని, నేను వాసన చూసి చెబుతానని. నేను వెళ్ళే దేశంలో బెల్లం దొరుకుతుందా అని ఆమె అడుగుతోంది. దొరుకుతుందేమో తెలియదంటే, అయితే ఏం దేశమే అని మూతి తిప్పుతోంది.

అసలు మాట మాత్రం ఇంకా ఎత్తలేదు. వీసా కాగితాలు చూసే నవనీత అనే అమ్మాయి నాకు రెండు దారులు చెప్పింది. పాత కేసు, చిన్న కేసు, ఎక్కడా కనబడదు, కాదు అని గీత పెట్టేయమంది మొదట. నాకది నచ్చలేదు, ఎవరైనా తవ్వి తీస్తే నన్నూ నా రొట్టెలనూ కలిపి వెనక్కి పంపుతారు, ఆ తర్వాత మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. అప్పుడామె గొంతు తగ్గించి, పోనీ అవును అని పెట్టి, తప్పంతా మీ అత్త మీద రాయండి, కుండ ఆమెది, మీకేమీ తెలియదు, చిన్నపిల్ల, పెద్దావిడ పొమ్మంటే వెళ్ళారు, ఆవిడ ఎలాగూ లేదు కదా వచ్చి కాదనడానికి అంది. ఆ చివరి మాట విని కూడా నేను తల ఊపేశాను.

"అడుగుతవా, నన్నే అడగమంటవా?" అంటోంది అత్త, చేతులు దులుపుకుంటూ.

"ఆ కేసు నీ మీద రాసుకుందామనుకుంటున్న అత్తా. కుండ నీదని, నువ్వు పొమ్మంటే పోయిన్నని."

"రాసుకో. నన్నేం పట్టుకపోతరా ఇప్పుడు?"

ఇంత తేలిగ్గా అంటుందని నేను అనుకోలేదు. అంతటితో ఆగకుండా, నా ఒళ్ళోంచి కాగితం లాక్కుని, బతికున్నప్పుడు ఎంత తోమినా పోని గుడుంబా బట్టి మసి ఉన్న బొటనవేలిని తెల్లటి జాగాలో గట్టిగా ఒత్తి, వేలిముద్ర సరిగ్గా పడిందో లేదో ఎడంగా పెట్టి చూసుకుని, మళ్ళీ నా ఒళ్ళో పెట్టేస్తోంది. పైన నీకేం కావాలో అది రాసుకో, కింద నేను ఒప్పుకున్న అంటోంది. అమ్మయ్య అనుకున్నాను, అలా అనుకున్నందుకు వెంటనే నా మీద నాకే కోపం వచ్చింది.

అత్త విమానాల వైపు చూస్తూ, ఆవలించినంత మామూలుగా అంటోంది.

"ఒక్కటే బాధ పొల్లా. ఆ కుండ నాదంటే ఎరిగినోళ్ళు నవ్వుతరు. నేను పెట్టింది ఎన్నడన్న అంత మంచిగున్నదా?"

వరండా మెల్లగా మేము గుడుంబా కాచే వాగులోకి దిగిపోతోంది, మా కాళ్ళ కింద ఇసుక తడిగా ఉంది, తుమ్మ కొమ్మల కింద మూడు కుండలు వరసగా ఉన్నాయి, నాకు అన్నీ గుర్తొస్తున్నాయి. కేసుకు ఎవరూ మంచి కుండ ఇవ్వరు. పులియబెట్టగా చెడిపోయిన బెల్లం పానకం, పగిలిన కుండ, పారబోసేదే ఇస్తారు, జమేదారు కూడా అదే రాసుకుని పోతాడు. అత్త ఆ రోజు తను పెట్టిన పాడు కుండను ముందుకు తోసింది. నేను ఒప్పుకోలేదు. నా పేరు మీద ఆ కంపు కుండ వెళ్ళడానికి వీల్లేదని, వెళ్తే నేను పెట్టినదే వెళ్ళాలని, ఇప్పపువ్వు వేసి వారం రోజులు కంటికి రెప్పలా చూసుకున్న నా కుండను నా చేతులతో ఎత్తి జీపులో పెట్టాను. యాకూబ్ సారు గుడ్డ తీసి వాసన చూసి, దీన్ని పారబోయడానికి మనసు రావడం లేదన్నాడు. సర్కారు మెచ్చుకున్నట్టే నేను పొంగిపోయాను. కోర్టులో ఒప్పుకుంటున్న సారూ అన్నప్పుడు నా గొంతు ఎంత గట్టిగా పలికిందంటే, మెజిస్ట్రేటు రాసేది ఆపి తలెత్తి చూశాడు.

ఈ సగం నేను ఎవరికీ చెప్పలేదు. అత్త కూడా చెప్పలేదు, చివరిదాకా ఊళ్ళో అందరి ముందూ నా కోడలు నా కేసు మోసిందని కళ్ళొత్తుకునేది. ఆమె పోయిన రోజు నేను పొయ్యి దగ్గర పెద్ద ఆర్డరులో ఉండిపోయి, మట్టి వేశాక ఊరు చేరాను. ఆ సిగ్గూ ఈ సిగ్గూ కలిసి ఇప్పుడు నా మెడ వంచుతున్నాయి.

"నేను గొప్పలు చెప్పుకుంటుంటే ఎందుకూరుకున్నవత్తా?"

"నువ్వు పోయినందుకే గద నేను ఇంట్లున్న. అదైతే అబద్ధం కాదు." ఆమె నా తల మీద చెయ్యి పెట్టి జుట్టు సవరిస్తోంది. "కుండ సంగతి నీ ఇష్టం."

"మరి ఇక్కడ ఏం రాయాలె?"

"నన్నడుగుతవేందే, నాకు రాత రాదు."

నాకు నవ్వొస్తోంది, ఆమెకూ వస్తోంది, ఇద్దరం ఆ వాగు ఇసుకలో, మళ్ళీ అదే బల్ల మీద, భుజాలు ఊగేలా నవ్వుతున్నాం. నవ్వు ఆగాక నేను కళ్ళు తుడుచుకుని, అసలు నన్ను వెళ్ళనివ్వరేమో, ఇంకా కోర్టు లేవలేదు కదా అంటున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళూ నాకు అలాగే ఉంది, ఏ ఖాకీ చొక్కా కనబడినా, ఏ కాగితంలో ఏ గడి కనబడినా, లేవమని ఎవరో చెప్పేదాకా కూర్చుని ఉండాల్సిన మనిషినే అనిపిస్తుంది.

అత్త నన్ను వింతగా చూస్తోంది.

"ఆయన ఎన్నడో లేచిపోయిండు బిడ్డా. నువ్వే ఇంకా కూసున్నవ్."

లోపలికి చూస్తే నిజమే, మెజిస్ట్రేటు కుర్చీ ఖాళీగా ఉంది, దాని మీద పరిచిన తువ్వాలు కూడా ఎవరో తీసుకుపోయారు. బంట్రోతు వాకిట్లోకి వచ్చి గుండేటి స్వరూపా అని నా పేరు మూడుసార్లు పిలుస్తున్నాడు, మూడోసారి అతని గొంతు మైకులో విమానం పిలుపులా వినిపిస్తోంది. నేను లేచి నిలబడుతున్నాను. మోకాళ్ళు నొప్పిగా లేవు, అదొక్కటే కొంచెం ఆశ్చర్యంగా ఉంది. కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడి అమ్మాయి, మీతో ఏం తీసుకెళ్తున్నారు అని అడుగుతోంది, వెనక్కి తిరిగి చూస్తే అత్త నా వైపు చూడటం లేదు, ఒళ్ళో పడ్డ రొట్టె నలుసులు ఏరి నోట్లో వేసుకుంటోంది, బస్సెక్కించి ఇక తన పని అయిపోయిన మనిషిలాగా ఉంది. నేను చెప్పడానికి నోరు తెరుస్తున్నాను.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, బేకరీ నుంచి వచ్చి అన్నం తిని, బల్ల ముందు కూర్చున్నదాన్ని అలాగే కాగితం మీద తల వాల్చి నిద్రపోయినట్టున్నాను. పోలీసు సర్టిఫికెట్టు కోసం నిన్న పది వేళ్ళకూ సిరా పూసి ముద్రలు తీసుకున్నారు, నిమ్మచెక్కతో రుద్దినా, కిరసనాయిలుతో తుడిచినా అది పూర్తిగా పోలేదు. చెమటకు మళ్ళీ తడిసినట్టుంది. ముప్పై ఒకటో ప్రశ్న కింది తెల్లటి జాగాలో నా బొటనవేలి ముద్ర గీతలతో సహా స్పష్టంగా పడి ఉంది.

నవనీతకు ఫోన్ చేసి ఇంకో కాగితం అడగవచ్చు. అడగలేదు. వీసా ఇచ్చేవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు, వాళ్ళ కుర్చీలో వాళ్ళు కూర్చుని చూసుకుంటారు. నేను అవును అన్న గడిలో గీత పెట్టి, ముద్ర పక్కన మిగిలిన చోట రాయడం మొదలుపెట్టాను. నవనీత తర్వాత ఇంగ్లీషు చేసుకుంటుంది. మా అత్త కనకవ్వకు బదులు నేను వెళ్ళిన మాట నిజమే, కానీ ఆ కుండ నాది, గుడుంబా నేనే కాచాను, ఆ రోజుల్లో మా ఊళ్ళో నా అంత బాగా కాచినవాళ్ళు లేరు అని రాశాను. చివరి ముక్క కొట్టేద్దామా అని కాసేపు ఆలోచించి, ఉంచేశాను.