ముందుకొచ్చిన భిన్నాలు

మా ఇంట్లో ఏడాదికోసారి భోజనాల బల్ల మీద భోజనాలు బంద్. వేసవి సెలవులు అయిపోవస్తున్నాయనగా నేనూ మా కోడలూ ఆ బల్లను ఆక్రమించుకుంటాం. పాత క్యాలెండరు కాగితాలను వెనక్కి తిప్పి, ఒకదానికొకటి అతికించి, బల్లంతా పరుస్తాం. నావి పసుపు చీటీలు, తనవి నీలం చీటీలు. ఒక్కో చీటీ ఒక్కో పాఠం. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా వాటి మీద చెంచాలు పెడతాం. మా ఆయనా అబ్బాయీ సోఫాలో కూర్చుని కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటారు. చెంచాలు అడిగే ధైర్యం మాత్రం చెయ్యరు.

నేను ప్రాథమిక పాఠశాలలో ఆఖరి తరగతికి లెక్కలు చెబుతాను. అదే తరగతికి మా కోడలు ఇంగ్లీషు చెబుతుంది. అత్తాకోడళ్ళు ఒకే వంటింట్లో ఇమడటమే కష్టం కదా, ఒకే క్లాసులో ఎలా ఇముడుతున్నారండీ అని అడగని వాళ్ళు లేరు. క్లాసులో గంట కొడతారు, వంటింట్లో కొట్టరు, అదొక్కటే తేడా అంటాను నేను.

ఏడాదిని నేను చివర్నుంచి వెనక్కి వేసుకొస్తాను. ఆఖరి వారంలో కొత్తదేదీ ఉండదు, ఎందుకంటే అప్పటికే పిల్లల మనసు పెద్ద బడికి వెళ్ళిపోయి ఉంటుంది. దానికి ముందు, నేర్చుకున్నవన్నీ ఇంకోసారి. అంతకు ముందు వైశాల్యాలు. భిన్నాలు ఎప్పుడూ అర్ధసంవత్సరం సెలవులు అవగానే, పిల్లలు తిని పడుకుని ఒళ్ళు బలిసి వచ్చినప్పుడు. మా కోడలు మొదటి రోజు నుంచి ముందుకు వస్తుంది: పరిచయాలు, కథలు, తర్వాత ఉత్తరాలు. ఇద్దరం బల్ల మధ్యలో ఎక్కడో కలుస్తాం. కలిసిన చోట ఒకసారి పోట్లాడుకుని టీ తాగుతాం.

ఈ ఏడాది ఆ బల్ల దగ్గరికి నేనొక రహస్యం దాచుకుని వచ్చాను.

వేసవి మొదట్లో గొంతు బొంగురుపోయి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన గొంతులోకి అద్దం పెట్టి చూసి, స్వరపేటిక మీద చిన్న బుడిపె ఉందన్నాడు. ప్రమాదమేమీ లేదు, తీసేస్తే పోతుంది. అర్ధసంవత్సరం సెలవుల దాకా ఆగొచ్చు, అయితే అప్పటిదాకా అరవకూడదు. తీసేశాక కొన్ని వారాల పాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదట.

"మీరేం పని చేస్తారమ్మా?" అన్నాడు.

"అరుస్తాను," అన్నాను.

వచ్చే వేసవికి నా ఉద్యోగం అయిపోతుంది. ఇదే నా ఆఖరి తరగతి. మా హెడ్మిస్ట్రెస్‌కు ఒక పట్టుదల ఉంది: ఆఖరి తరగతికి సగంలో టీచరు మారకూడదు. ఎవరికైనా మధ్యలో పాఠం చెప్పలేని పరిస్థితి వస్తుందని ముందే తెలిస్తే, క్లాసును మొదటి రోజే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మనిషి మంచిదే కానీ ఈ విషయంలో మాత్రం బండరాయి. నేను నోరు విప్పితే నన్ను ఆ ఏడాదంతా ఆఫీసు గదిలో కూర్చోబెడుతుంది. చివరి ఏడాది పిల్లల మొహాలు చూడకుండా, చాక్‌పీసు పట్టకుండా ఎలా ఉండటం? అందుకే ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మా ఆయన కడుపులో మాట దాగదు.

నా ఉపాయం నాకుంది. గొంతు చించుకుంటే తప్ప ఎక్కని పాఠాలన్నీ మొదటి సగంలోకి లాగేసి, సెలవుల తర్వాత కొలతలూ పటాలూ పెట్టేశాను. టేపులు చేతికిచ్చి వరండా కొలవమంటే టీచరుకు నోటితో పనిలేదు. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను.

మా కోడలు బల్ల అవతలి వైపు నుంచి తల తిప్పి చూసింది.

"అత్తయ్యా, భిన్నాలు ఎప్పుడూ సెలవుల తర్వాత కదా? ఈసారి ముందుకొచ్చాయేంటి?"

"వాటికి కాళ్ళొచ్చాయి."

"అప్పటికి భాగహారాలే సరిగ్గా అయ్యుండవు కదా?"

"లెక్కలు చెప్పేది నువ్వా, నేనా?"

తను ఒక చెంచా తీసి, చీటీ జరిపి, మళ్ళీ చెంచా పెట్టింది. కాసేపటికి చూస్తే మొదటి సగంలో ఉండాల్సిన కథల చీటీలు అవతలి సగానికి పోయాయి. వాటి చోట 'ఎలా చెయ్యాలో చెప్పడం' అన్న చీటీలు వరసగా పడ్డాయి. రోజుకొకరు బోర్డు దగ్గరికి వచ్చి, బోర్డు మీద ఉన్నది గట్టిగా చదివి, ఏదో ఒక పని ఎలా చెయ్యాలో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలట. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

"కథల్లేకుండా ఇంగ్లీషేంటమ్మాయ్? పిల్లలు ఏడుస్తారు."

"కథలకు కాళ్ళొచ్చాయి అత్తయ్యా," అంది.

బడి తెరిచాక నాకు ఒళ్ళు మండటం మొదలైంది. నేను చెప్పిన రాతలెక్కలనే తను పట్టుకెళ్ళి తన పీరియడ్‌లో పిల్లల చేత చదివించి, విడమరిచి చెప్పిస్తోంది. నా పీరియడ్ అవగానే తన పీరియడ్ ఉండాలని పట్టుబట్టి మరీ మార్పించుకుందని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. ఖాళీ దొరికితే చాలు, దిద్దాల్సిన పుస్తకాలు పట్టుకుని మా క్లాసు వెనక బెంచీలో చేరుతుంది. దిద్దుతున్నట్టే ఉంటుంది, చెవులు మాత్రం నా మీద. నేను భిన్నాలు ఏ మాటల్లో మొదలుపెడతానో, పిల్లలు ఎక్కడ తడబడితే ఏమంటానో, అన్నీ తాగేస్తోంది.

నా కుర్చీ మీద కన్ను పడిందనుకున్నాను. వచ్చే ఏడాది ఎలాగూ ఖాళీ అవుతుంది కదా, అంతవరకూ ఆగలేకపోతోందా? కూతురిలా చూసుకున్నాను కదా అని నాలో నేనే ఉడికిపోయాను. పైకి అరుద్దామంటే గొంతు లేదాయె.

ఇంట్లో పరిస్థితి ఇంకా విచిత్రం. నేను గొంతు దాచుకుంటుంటే మా ఆయన దానికి వేరే అర్థం తీశాడు.

"మీ అమ్మ మెత్తబడిందిరా," అని మా అబ్బాయితో అంటుంటే వంటింట్లోకి వినబడింది. "తడి తువ్వాలు మంచం మీద వేశాను, ఏమీ అనలేదు. రెండోసారి పరీక్షించడానికి కావాలనే వేశాను. అప్పుడూ ఏమీ అనలేదు!"

ఆ ఆనందం చూసి కూడా ఊరుకోవాల్సి వచ్చిందంటే నా అవస్థ మీరే ఊహించుకోండి.

అర్ధసంవత్సరం సెలవులకు ముందు ఒక సాయంత్రం ఇక నా వల్ల కాలేదు. స్టాఫ్ రూములో ఎవరూ లేరు. మా కోడలు భిన్నాల మీద పిల్లలకు తనే సొంతంగా తయారుచేసిన లెక్కలు చార్టు పేపరు మీద రాస్తోంది.

"ఏమ్మాయ్," అన్నాను, "నేనింకా పోలేదు. అప్పుడే నా క్లాసు సర్దుకుంటున్నావా? కావాలంటే నన్నడగొచ్చు కదా, దొంగచాటుగా..."

ఆ తర్వాత మాట రాలేదు. నోరు కదులుతోంది, గాలి వస్తోంది, శబ్దం లేదు. గట్టిగా ప్రయత్నించాను. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు పోయింది. కుర్చీలో కూలబడ్డాను.

మా కోడలు కంగారు పడలేదు. తన సంచీలోంచి ఫ్లాస్కు తీసి, గోరువెచ్చని నీళ్ళు గ్లాసులో పోసి, నా చేతిలో పెట్టింది. ఆ ఫ్లాస్కు తను రోజూ ఎందుకు మోస్తోందో నేనెప్పుడూ ఆలోచించనేలేదు.

"ఆపరేషన్ ఎప్పుడత్తయ్యా?" అంది.

నేను గుడ్లప్పగించి చూశాను.

"మీరు మమ్మల్ని తిట్టడం మానేశారు. మావయ్యగారు సంబరపడ్డారు, నాకు మాత్రం భయమేసింది. ఆ పైన భిన్నాలు ముందుకు జరిపారు. ఇల్లు జరిపినా జరుపుతారు గానీ మీరు భిన్నాలు జరపరు. సెలవుల తర్వాత మాట్లాడలేని పనేదో, గొంతు ఆపరేషన్ లాంటిది, పెట్టుకున్నారని అప్పుడే అర్థమైంది." గ్లాసు మళ్ళీ నింపింది. "మీరు చెప్పేదాకా అడగకూడదనుకున్నా. కానీ కొలతలతో ఎన్ని వారాలు నెట్టుకొస్తారు? పిల్లలకు చదవడం, చెప్పడం వస్తే మీరు బోర్డు మీద రాస్తే చాలు కదా, మిగతాది వాళ్ళే చెప్పుకుంటారు. అందుకే కథలు వెనక్కి పెట్టా. మీ మాటలు వాళ్ళకు అలవాటు చేద్దామని వెనక బెంచీలో కూర్చున్నా. మీ కుర్చీ నాకెందుకు, నాకు ఇంట్లో చిల్లర లెక్కే సరిగ్గా రాదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి గొంతు అక్కర్లేదు కాబట్టి బాగా ఏడ్చాను. నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలనిపించి తన చెయ్యి పట్టుకున్నాను. తను నా చేతి మీద ఉన్న చాక్‌పీసు పొడి దులిపింది.

"హెడ్మిస్ట్రెస్‌కు చెప్పేద్దాం," అంది.

చెబితే క్లాసు పోతుందని కాగితం మీద రాసి చూపించాను.

"చెప్పకపోతే గొంతు పోతుంది. ఆ తర్వాత మావయ్యగారు ఇల్లంతా తడి తువ్వాళ్ళు ఆరేస్తారు."

హెడ్మిస్ట్రెస్ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అది ఆవిడ కాదనే ముందు చేసే పని.

"నా నియమం మీకు తెలుసు కదండీ," అంది. "పిల్లలు నష్టపోకూడదు."

"నష్టపోతున్నారో లేదో ఒక్కసారి వచ్చి చూడండి మేడమ్," అంది మా కోడలు.

ఆవిడ టైంటేబుల్ ముందుకు లాక్కుంది. "సరే. రేపు ఒక పీరియడ్ చూస్తాను. టీచర్ గారు నోరు విప్పకూడదు. కొలతలు కాదు, అవి ఎవరైనా చేయిస్తారు. భిన్నాలు చెప్పి చూపించండి. సాగితే క్లాసు మీదే. లేకపోతే సెలవుల తర్వాత వేరే టీచర్ వస్తారు."

మర్నాడు నేను క్లాసులోకి వెళ్ళేసరికి హెడ్మిస్ట్రెస్ వెనక బెంచీలో ఉంది, పక్కన మా కోడలు. నా గొంతు సెలవు పెట్టింది, రోజుకొకరు గొంతు అప్పివ్వాలి అని బోర్డు మీద రాశాను. అందరి చేతులూ లేచాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ మూగనోము చెయ్యి. ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది నేనే. చేరినప్పటి నుంచీ పలకరిస్తే తల ఊపుతుంది, తిడితే తల దించుతుంది. లెక్కలన్నీ సరిగ్గా చేస్తుంది, ఎలా చేశావంటే మాత్రం నోరు పెగలదు. వెనక నుంచి మా కోడలు ఆ పిల్ల వైపే చూపించి తలూపింది. ఇదేం పోయేకాలమే, నా ఏడాదంతా ఆ పిల్ల నోటిలో పెడతావా అనుకున్నాను. కానీ ఇన్నాళ్ళూ నమ్మనిదాన్ని, ఈసారి నమ్ముదామని చాక్‌పీసుతో ఆ పిల్లను పిలిచాను.

వచ్చి బోర్డు పక్కన నిలబడింది. నేను రాశాను: రిబ్బనులో సగం అక్కకు ఇచ్చారు, మూడో వంతు చెల్లికి ఇచ్చారు, మిగిలింది ఎంత?

ఆ పిల్ల చదివింది. మొదట గొంతు సన్నగా, పీలగా వచ్చింది. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను సగం, మూడో వంతు అని పక్కపక్కనే రాసి ఆగాను.

"రెండూ ఇలాగే కూడేస్తామంటే..." అని ఆగి, గుటక మింగి, చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "...నేను ఊరుకుంటానా? హారాలు కలవకుండా కూడితే వీపు చిట్లుతుంది! ముక్కలు ఒకే సైజు కావాలా వద్దా? ఏదీ, అందరూ చెప్పండి!"

"కావాలి టీచర్!" అన్నారు పిల్లలంతా.

నా మాటలు, నా విసురు, చివరికి నా నడుం మీద చెయ్యి కూడా. మా కోడలి పీరియడ్‌లో ఇన్నాళ్ళూ సాధన చేసింది ఇదేనన్నమాట. రిబ్బనును ఆరు ముక్కలు చేయించింది. అక్కకు మూడు, చెల్లికి రెండు ఇప్పించింది. మిగిలిన ముక్క ఎన్నో వంతో ముందు బెంచీ వాడు చెప్పలేకపోతే, వాణ్ణి నిలబెట్టి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. వాడు ఆరో వంతు అన్నాకే వదిలింది. నేను రాస్తున్నాను, తను చెబుతోంది, క్లాసు నడుస్తోంది. నేను లేకుండానే నేను ఉన్నట్టుంది.

ఇంతలో వెనక గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలు పాఠంలో ఉండగా వెనక గుసగుసలు వినబడితే నా చెయ్యి దానంతటదే లేస్తుంది. ఎవరా అని చూడకుండానే బోర్డు మీద రాసేశాను: వెనక బెంచీలో మాట్లాడేవాళ్ళు బయటికి నడవండి.

మూగనోము దాన్ని అక్షరం పొల్లుపోకుండా, గోడలు అదిరేలా చదివింది.

క్లాసంతా వెనక్కి తిరిగింది. మా కోడలి చెవిలో ఏదో చెబుతున్న హెడ్మిస్ట్రెస్ నోరు మూసుకుంది. ఆవిడ లేచి, చీర సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని తలుపు దాకా నడిచింది.

"మీ క్లాసు మీదేనండీ," అంది నాతో. తర్వాత ఆ పిల్లతో, "సారీ టీచర్," అని బయటికి వెళ్ళిపోయింది.

నాకు కేకపెట్టాలనిపించింది. నోరు తెరిచాను కూడా. వెనక నుంచి మా కోడలు పెదాల మీద వేలు పెట్టుకుని నన్ను గుడ్లురిమి చూసింది. తెరిచిన నోరు మూసి, బోర్డు వైపు తిరిగి 'శభాష్' అని పెద్ద అక్షరాలతో రాశాను.

"శభాష్!" అని క్లాసును గదమాయిస్తున్నట్టు చదివింది మూగనోము. తర్వాత అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగి, తన మామూలు సన్న గొంతుతో అడిగింది. "ఎవరికి టీచర్?"

'నీకే' అని రాశాను.

అది మాత్రం పైకి చదవలేదు.