రెండో బటన్

కాలేజీ లాబ్‌లో లక్ష్మీప్రసన్న బల్ల మీద చిన్న ఎర్ర దీపం వెలగకూడనప్పుడు వెలిగింది.

ఆమె కట్టింది ఆండ్ గేటు. రెండు స్విచ్చులూ నొక్కితేనే దీపం వెలగాలి. అంతకుముందు రోజు క్లాసులో వనజాక్షి మేడమ్ దీనికి బయట ఎక్కడైనా ఉదాహరణ చూశారా అని అడిగితే, మొదట చెయ్యెత్తింది లక్ష్మీప్రసన్నే. “మా నాన్న నడిపే, రేకులు కోసే ప్రెస్ మిషన్ అంతే మేడమ్. అటొకటి ఇటొకటి బటన్లుంటాయి. రెండు చేతులూ వాటి మీద ఉంటేనే పైనున్న దిమ్మ కిందికి దిగుతుంది” అని చెప్పింది. మేడమ్ మెచ్చుకుంది. ఆ పిల్ల సాయంత్రం దాకా ఆ మెప్పుతోనే తిరిగింది.

ఇప్పుడు మాత్రం ఒక్క స్విచ్చికే దీపం వెలుగుతోంది. మేడమ్ వంగి చూసింది. రెండో స్విచ్చికి వెళ్లాల్సిన వైరుని, జతగా పనిచేస్తున్న పిల్ల తొందరలో తిన్నగా ఐదు వోల్టుల దగ్గర గుచ్చేసింది.

“ఇలా రండి, అందరూ చూడండి” అని పిలిచింది మేడమ్. “రెండో ఇన్‌పుట్‌కి ఎప్పుడూ కరెంటు అందుతూనే ఉంది. మనిషి నొక్కినా, నొక్కకపోయినా గేటుకి మాత్రం నొక్కినట్టే లెక్క. అంటే మొదటి స్విచ్చి ఏం చెబితే దీపం అదే చేస్తుంది. ఇంక ఇది ఆండ్ గేటు కాదు. ఉత్త వైరు ముక్క.”

పిల్లలు నవ్వారు. లక్ష్మీప్రసన్న నవ్వలేదు. వేసవి సెలవుల్లో ఒకసారి తండ్రికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి షెడ్డుకి వెళ్లినప్పుడు చూసిన దృశ్యం ఆమెకి గుర్తొచ్చింది. తండ్రి ఎడమచేత్తో బటన్ నొక్కుతున్నాడు. కుడిచెయ్యి రేకు పెడుతూ, తీస్తూ దిమ్మ కిందే ఆడుతోంది. అప్పుడు ఆయన చేతివాటం చూసి ముచ్చటపడింది.

లక్ష్మీప్రసన్న నాన్న నూకరాజు. ఆయన తండ్రి బొబ్బిలి దగ్గర్నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చి, దుర్గ్ పక్కనున్న స్టీలు ప్లాంటులో చేరి అక్కడే రిటైరయ్యాడు. నూకరాజు నాటికి ప్లాంటులో కొత్త ఉద్యోగాల గేటు మూసుకుపోయింది. కుమ్హారి వైపు రోడ్డులో రేకులు కోసే ఒక ప్రైవేటు షెడ్డులో కుదిరాడు. ఆ సాయంత్రం మరోదా బస్తీలోని ఇంట్లో ఆయన కాళ్లు కడుక్కుని కూర్చోగానే కూతురు అడిగింది.

“నాన్నా, ప్రెస్ దగ్గర రెండు బటన్లూ నువ్వే నొక్కుతున్నావా?”

“ఎందుకే?”

“చెప్పు.”

“కుడిపక్క దానికి తీగ కట్టీసేరు. నొక్కినట్టే ఉంటాది. అందరం అలాగే సేస్తన్నాం. రెండు సేతులూ బటన్ల మీదే ఎట్టీసుకుంటే రేకు ఎవడు పెడతాడు? సాయంత్రానికి మాల్ తగ్గితే మేనేజరు ఊరుకుంటాడేటి?”

“ఆ మిషన్‌కి నీ కుడిచెయ్యి ఎక్కడుందో తెలీదు నాన్నా. బటన్ మీదే ఉందనుకుంటుంది. తీగ తీసెయ్. నా కసమ్, నా మీదొట్టు.”

నూకరాజు నవ్వేసి తప్పించుకోబోయాడు. కూతురి కళ్లల్లో నీళ్లు చూసి నవ్వు ఆపాడు. మర్నాడు పనిలోకి దిగేముందు తీగ విప్పి అవతల పారేశాడు.

పని మందగించింది. మేనేజరు రెండుమూడు రోజులు అరిచాడు, ఆ తర్వాత అరవడం మానేసి నూకరాజుని లారీల్లోకి సరుకు ఎక్కించే పనికి మార్చాడు. ఆ ప్రెస్ మీదికి చిట్టిబాబు వచ్చాడు. నూకరాజుకి వరసకి తమ్ముడు, రెండు వీధుల అవతలే ఉంటాడు. అదే షెడ్డులో బరువులు మోసి నడుం పోయి, ఎప్పుడు మిషన్ దొరుకుతుందా అని కాచుకున్నవాడు. ఆ రోజు భార్యతో కలిసి నూకరాజు ఇంటికి జిలేబీలు పట్టుకొచ్చాడు.

“తినే అమ్మలూ. ఇక మీ సిన్నాన్న కూడా ఆపరేటరే” అన్నాడు.

లక్ష్మీప్రసన్న తింది. తింటుండగానే, మళ్లీ తీగ కట్టుంటారేమో అన్న ఆలోచన వచ్చింది. అడుగుదామనుకుంది. అంతలో చిట్టిబాబు భార్య భాగ్యరేఖ ఏదో హాస్యమాడింది, అందరూ నవ్వారు. మర్నాటి నుంచి పరీక్షలు. తండ్రి రెండు చేతులూ క్షేమంగా ఉన్నాయి. ఆ మాట అలాగే ఉండిపోయింది.

పరీక్షలు అయిపోయిన వారంలోనే, ఒక మధ్యాహ్నం, షెడ్డులో దిమ్మ చిట్టిబాబు కుడిచెయ్యి మీద దిగింది.

ఆస్పత్రిలో మణికట్టు దాకా తీసేశారు. భాగ్యరేఖ వార్డు బయట నేల మీద కూర్చుని, వచ్చినవాళ్లందరినీ “ఏటైపోయింది? పొద్దున్న బాగానే ఎల్లేడు గదా” అని అడుగుతూనే ఉంది. లక్ష్మీప్రసన్న దగ్గరికి వెళ్లలేక మెట్ల దగ్గరే నిలబడిపోయింది.

విచారణకి ప్రభుత్వ అధికారి వచ్చేసరికి, మళ్లీ కట్టిన తీగ తీసేసి ఉంది. మేనేజరు రెండు బటన్లూ నొక్కి చూపించాడు. దిమ్మ దిగింది. ఒక్కటి నొక్కాడు, దిగలేదు. “దోనో ఠీక్ హై సాబ్. ఆద్మీ కీ లాపర్వాహీ” అన్నాడు. బటన్లు రెండూ బాగానే ఉన్నాయి, తప్పంతా మనిషి అజాగ్రత్తదేనన్నమాట. అంతకుముందే అతను పనివాళ్లందరినీ పిలిచి నోరు విప్పొద్దని చెప్పి ఉన్నాడు. అయినా లారీ దగ్గర్నుంచి నూకరాజు ముందుకొచ్చాడు.

“తీగ ఉండేది సాబ్. నాను కూడా దాంతోటే నడిపేను.”

“మరి అప్పుడెందుకు ఫిర్యాదు చెయ్యలేదు?” అని అధికారి అడిగాడు.

మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ నూకరాజుని లోపలికి పోనివ్వలేదు. ఆ పక్కనున్న షెడ్డులవాళ్లూ పని లేదన్నారు. విచారణ ఇంకా నడుస్తోందని మాత్రం చెబుతున్నారు.

చిట్టిబాబు ఇంటికి వచ్చాక లక్ష్మీప్రసన్న ధైర్యం చేసుకుని వెళ్లింది. అతను ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటున్నాడు. సగం మెతుకులు ఒళ్లో పడుతున్నాయి. భార్య తినిపించబోతే వద్దన్నాడు.

“మీ నాన్న సెప్పేడు. నువ్వు సెప్తేనే తీగ తీసీసేడంట గదా?”

“అవును చిన్నాన్నా.”

“మరి నాకెందుకు సెప్పలేదే?”

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. పరీక్షలని చెప్పబోయి ఆగిపోయింది.

“గుర్తొచ్చింది చిన్నాన్నా. జిలేబీ తెచ్చిన రోజే గుర్తొచ్చింది. మా నాన్న బయటపడ్డాడు కదా అని ఊరుకున్నాను.”

భాగ్యరేఖ చేతిలో గిన్నె అక్కడే దించేసి లోపలికి వెళ్లిపోయింది. చిట్టిబాబు చెంచా కంచంలో పెట్టేశాడు.

“ఇప్పుడా మిషన్ మీద ఎవడున్నాడో” అన్నాడు.

మర్నాడు లక్ష్మీప్రసన్న కాలేజీకి పోలేదు. తండ్రిని వెంటబెట్టుకుని షెడ్డు గేటు ఎదురుగా రోడ్డు పక్కన నిలబడింది. పనివాళ్లు సైకిళ్ల మీద వస్తున్నారు. కొత్తగా ప్రెస్ మీద వేసిన మనిషిని, తోటి పనివాళ్లు చెప్పిన గుర్తుల్ని బట్టి నూకరాజు ఆనవాలు పట్టాడు. దుర్గ్ పక్క పల్లెటూరివాడు, మెడ చుట్టూ గంఛా తువ్వాలు, ముప్పై కూడా నిండని ముఖం. ఆమె అడ్డం వెళ్లి సైకిల్ ఆపింది. తనకి వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని తీగ సంగతి, బటన్ సంగతి, చిట్టిబాబు చెయ్యి సంగతి చెప్పింది. గేటు లోపల్నుంచి వాచ్‌మన్ కేకేస్తున్నా ఆపలేదు.

అతను సాంతం విన్నాడు.

“మాలూమ్ హై దీదీ” అన్నాడు. తెలుసన్నాడు.

“తెలిస్తే మరి?” అంది. తెలుగులోనే వచ్చేసింది ఆ మాట.

అతనికి అర్థమైందో లేదో. సైకిల్ దిగి, దాన్ని నడిపించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. వాచ్‌మన్ గేటు మూశాడు. కాసేపట్లో లోపల్నుంచి దిమ్మ చప్పుడు మొదలైంది. రేకు పెట్టడానికి చేతులు తీసినంతసేపైనా ఆగకుండా, ఒకే వేగంతో పడుతోంది. ఆ వేగం విని నూకరాజు కూతురి భుజం పట్టుకున్నాడు.

“తీగ ఉంది” అన్నాడు.