రెండున్నర గంటల వదులు

గ్లోబు చల్లగా ఉంది. కడిగి బోర్లించిన గిన్నెలా.

దాని చుట్టూ అమ్మ టేపు. అమ్మ దర్జీ. అంకెలు సగం చెరిగిపోయిన టేపు.

మా ఊరి మీద బొటనవేలు. పిన్ని ఊరి మీద చూపుడువేలు. మధ్యలో నీలం... నీలం... నీలం.

"జానెడు కూడా లేదే!" అంది అమ్మ.

జానెడే. తొమ్మిదేళ్లుగా దాటలేకపోయిన జానెడు.

పిన్నికి ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కన్నుకే రేపు ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు.

దానికి ముందు అక్క మొహం ఒక్కసారి ఎదురుగా చూడాలంది పిన్ని. అంతే అడిగింది.

నేను ఫోన్లో టకటకా వెతికేశాను. నాలుగు వేల ఆరువందల కిలోమీటర్లు. ఆరు గంటలు. ఆరంటే ఆరే!

"ఎనిమిదికి ఎక్కితే రెండింటికి దిగుతావమ్మా. పిన్నిని లోపలికి తీసుకెళ్లేది మూడున్నరకి. బోలెడు టైముంది."

"కొలత మీద కాస్త వదులుంచవే తల్లీ."

తెల్లవారుజామున ఇంకో విమానం ఉంది. నిద్ర చెడుతుందని నేనే వద్దన్నాను.

నేనే.

మర్నాడు అమ్మ ఎగిరిపోయింది. ఇంటికొచ్చి, మధ్యాహ్నం, ఊరికే టికెట్ తెరిచాను.

చేరే సమయం — నాలుగున్నర.

అక్కడి గడియారం మాకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దు ముందే పుడుతుంది. ఆ సంగతే నేను మర్చిపోయాను.

పిన్నికి ఫోన్ చేశాను. చెప్పాను. అంతా.

అటు వైపు పిన్ని ముక్కు ఎగబీల్చింది.



"లెక్కల్లో నీకు వందకి వంద వేసిన మహానుభావుడెవరే?"

"పిన్నీ... ఏడుస్తున్నావా?"

"ఉన్న ఒక్క కన్నూ ఏడుపుకి వాడమంటావా?"

నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

పక్కన నర్సు గొంతు. పిన్ని కంటే ముందు ఇంకో పేషెంటును లోపలికి పంపమని డాక్టరు గారిని అడిగి చూస్తుందట. ఒప్పుకుంటారో లేదో తెలీదట. చెప్పుల చప్పుడు దూరమైంది.

"అక్క ఏం వేసుకుని బయల్దేరింది?"

"తనే కుట్టుకున్న కోటు. గచ్చకాయ రంగు. ఇంత ఇంత జేబులు."

"జుట్టు?"

"ముందు వైపు తెల్లబడింది."

"అయ్యో, అక్కకి తెల్లబడిందా! నాకింకా నలుపే. నేనన్నానని చెప్పకు."

ఇంకా అడిగింది. కళ్లజోడు పెట్టుకుంటుందా. నడిస్తే ఇంకా భుజం వంగుతుందా. నేను చెబుతూనే ఉన్నాను. ఒక్కో మాటా మెల్లగా, చెదిరిపోకుండా.

నర్సు ఇంకా రాలేదు.

ఫోను చెవి దగ్గర వెచ్చబడింది.

"ఎండ ఉందా అక్కడ?" అంది పిన్ని.

"నడినెత్తిన."

"ఇక్కడ పడమటికి దిగుతోంది."

ఒకటే ఎండ. నా కిటికీలో నిలబడి, పిన్ని కిటికీలో వాలుతూ... మధ్యలో ఎక్కడో అమ్మ విమానం రెక్క మీద మెరుస్తూ —