అవతలివాళ్ళ లైన్‌బ్యాకర్

కోడిగుడ్లు గిలక్కొడుతూనే సుందర్ రాజ్ కిటికీకి వీపు తిప్పుకున్నాడు. రాత్రి పడిన మంచు మీది ఎండ కళ్ళల్లో గుచ్చుకుంటోంది. పెనం నిండా గుడ్లట్టు, దాని మీద ఆవకాయ నూనె. రోజూ తినేదే. ఇవాళ ముద్ద నోట్లో పెట్టుకుంటే వికారం పుట్టింది.

మంగళవారం ప్రాక్టీసులో ఎవరిదో మోకాలు అతని హెల్మెట్‌కి గట్టిగా తగిలింది. అప్పటినుంచీ దీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

తల్లి కరుణమ్మ నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. బాపట్ల దగ్గర మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి, కొడుకుని చంకనేసుకుని మిషిగన్ వచ్చిన మనిషి. కోటు విప్పకుండానే అతని మొహంలోకి చూసింది.

"కళ్ళెందుకురా అట్లా చికిలిస్తున్నావు?"

"నిద్ర లేదు మమ్మీ. ఎగ్జామ్‌కి చదివాను."

"ఇటు చూడు. వేళ్ళెన్ని?"

నాలుగు కనబడ్డాయి. సగం చేసి చెప్పాడు.

"రెండు."

"ఒకసారి రాధాకృష్ణ డాక్టరు గారికి చూపిద్దాం నాన్నా."

"మండే వెళ్దాం మమ్మీ. శాటర్డే లాస్ట్ గేమ్. అది అయిపోతే ఇంక ఫుట్‌బాల్ ఉండదు."

ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరం లేదు. హెల్మెట్ ఒరిపిడికి అక్కడి చర్మం ఎప్పుడో నల్లబడి మొద్దుబారింది. కాసేపు చెయ్యి తీయకుండా నిలబడి, పడుకోవడానికి మేడమీదికి వెళ్ళిపోయింది.

ఇరవై ఒకటో ఏడు నడుస్తున్న సుందర్ రాజ్ మెడ తలకంటే వెడల్పుగా ఉంటుంది. ఎడమ చిటికెన వేలు విరిగి, వంకరగానే అతుక్కుంది. మెట్లు దిగేటప్పుడు ముసలివాళ్ళలా కమ్మీ పట్టుకుని పక్కకి తిరిగి దిగుతాడు. ఇంత ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి కాలేజీ తరఫున ఒక్క ఆటైనా ఆడలేదంటే ఎవరూ నమ్మరు.

చేత్తో బంతి పట్టుకుని పరిగెత్తే ఈ అమెరికా ఫుట్‌బాల్‌లో, ముందు వరుసలో కొండల్లాంటివాళ్ళు తలపడుతుంటే, వాళ్ళ వెనక కాచుకుని నిలబడి, బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టేవాడు లైన్‌బ్యాకర్. సుందర్ రాజ్ పడగొట్టేది సొంత జట్టువాళ్ళనే. శనివారం ఎదురయ్యే జట్టులో లైన్‌బ్యాకర్ ఎలా ఆడతాడో, వారమంతా అతను అలా ఆడి చూపించాలి. వాడి నంబరున్న చొక్కానే తొడుక్కోవాలి. కోచ్‌లు కూడా ఆ వారం వాడి పేరుతోనే పిలిచేవాళ్ళు. శనివారం వచ్చేసరికి అతను కోటు వేసుకుని మైదానం అంచున నిలబడి చప్పట్లు కొట్టేవాడు.

మానెయ్యొచ్చు కదా అని కరుణమ్మ చాలాసార్లు అంది. డెబ్బై ఎనిమిదిలో, ఎనిమిదో తరగతి చదువుతుండగా, వ్యాయామం మాస్టారు ఊరికే నిలబడమన్న చోట నిలబడి, తనకంటే పెద్దవాణ్ణి ఒకణ్ణి కింద పడేశాడు. పడ్డవాడు లేచి నవ్వుతూ అతని వీపు తట్టాడు. ఏ దేశం మీది, ఏం తింటారు, ఆ నూనె వాసనేమిటి అని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆ వీపు తట్టడం కోసమే ఇన్నేళ్ళూ పడగొడుతూ వచ్చాడు. ఇది తల్లికి చెప్పడానికి అతనికొచ్చిన తెలుగు చాలలేదు.

మధ్యాహ్నం మైదానంలో మంచు ఒక పక్కకి తోసి ఉంది. కోచ్ హాల్వర్సన్ అట్ట మీద గీసిన ఎత్తుగడ చూపించాడు. అతని కళ్ళకి గీతలు రెండేసిగా అల్లుకుపోయాయి. సుందర్ రాజ్ పక్కవాడి కాళ్ళు చూసుకుని నిలబడ్డాడు. మొదటి ఏడాది కుర్రాడొకడు బంతితో వచ్చాడు. పెద్ద దెబ్బ కాదు, రోజూ తగిలే వాటిలో అదొకటి. ఇద్దరూ పడ్డారు, ఇద్దరూ లేచారు. సుందర్ రాజ్ మాత్రం లేచి, తను ఎదుర్కోవాల్సినవాళ్ళ వరుసలోకి వెళ్ళి నిలబడ్డాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

ప్రాక్టీసు అయ్యాక కోచ్ పిలిచాడు.

"శనివారం ఆటలో, బంతి తన్నేటప్పుడు దిగేవాళ్ళలో నువ్వూ వెళ్తున్నావ్. జాలిపడి కాదు. నువ్వు సంపాదించుకున్నావ్. ఒంట్లో బాగానే ఉంది కదా?"

చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది కూడా.

"బాగానే ఉంది కోచ్."

ఇంటికి కారు చాలా నెమ్మదిగా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. వచ్చీ రాగానే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. మొహం కడుక్కుని, ప్రాక్టీసుకని చీలమండకి బిగించి చుట్టిన టేపు కత్తిరించేసి హాల్లోకొచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే తండ్రి దైవాశీర్వాదం సాక్సుల కాళ్ళు బల్ల మీద పెట్టుకుని టీవీలో వార్తలు చూస్తున్నాడు.

"డాడీ, శాటర్డే నన్ను ఆడిస్తారంట."

దైవాశీర్వాదం టీవీ కట్టేశాడు. కొడుకు హైస్కూల్లో ఉండగా ఒకసారి ఆట చూడటానికి వెళ్ళాడాయన. గుంపు కింద కొడుకు కనబడకుండా పోయేసరికి, వెళ్ళి కారులో కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. మళ్ళీ వెళ్ళలేదు.

"నేను రావచ్చారా?"

"యా డాడీ. ఫ్రీయే."

"ఈసారి కార్లో కూర్చోను లే. నువ్వేనని ఎట్లా తెలుస్తుంది? నీ నంబరెంత?"

"ఇంకా ఇవ్వలేదు. నా ఓన్ నంబర్ ఇస్తారు." ఆ మాట అనడమే అతనికి ఎంతో బాగుంది. "లైట్ తీసెయ్ డాడీ, కొంచెం పడుకుంటా."

తండ్రి దీపం ఆర్పి, సోఫాలో వాలిన కొడుక్కి దుప్పటి తెచ్చి కప్పాడు. ఆ సోఫాలో పట్టని కాళ్ళు బయటికి వేలాడుతుంటే, వాటి కింద కుర్చీ జరిపాడు.

డ్యూటీకి బయల్దేరుతూ కరుణమ్మ అన్నానికి లేపింది. గురక పెడుతున్నాడు. అలాంటి గురక ఆమె వార్డులో స్పృహ తప్పినవాళ్ళ దగ్గర విన్నదే. కనురెప్ప ఎత్తి చూసి, భర్తని అంబులెన్సు పిలవమంది. అరవలేదు.

మొదటి దెబ్బకే వాచిన మెదడు రెండోదానికి తట్టుకోలేదని ఆస్పత్రిలో చెప్పారు. తెల్లవారకముందే అయిపోయింది. రాధాకృష్ణ డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుంటే కరుణమ్మ ఒకటే మాట అంటూ కూర్చుంది.

"రెండే అన్నాడండీ. సరిగ్గానే చెప్పాడు. అందుకే వెళ్ళి పడుకున్నాను."

శనివారం ఆట జరిగింది. సోమవారం తెలుగు క్రైస్తవ సంఘం పాస్టరు గారు వచ్చి సమాధి చేయించారు. హాల్వర్సన్ టోపీ చేతిలో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. దైవాశీర్వాదం తనే వెళ్ళి పలకరించాడు.

"మావాడికి ఏ నంబరు ఇద్దామనుకున్నారు?"

హాల్వర్సన్ ఏదో చెప్పబోయి, తల దించుకున్నాడు. ఇంకా అనుకోలేదని ఆయనకి అర్థమైంది.

అందరూ వెళ్ళాక దైవాశీర్వాదం కాళ్ళు కడుక్కోవడానికి కింది బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు. గురువారం నుంచి అక్కడికి ఎవరూ రాలేదు. తొట్టె పక్కన, కొడుకు చీలమండ నుంచి కత్తిరించి తీసిన తెల్లటి టేపు పడి ఉంది. ఒకవైపు నిలువునా తెగినా, మడమ గుండ్రమూ పాదం వంపూ చెదరకుండా, లోపల ఇంకా ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంది.