తవిటయ్య పేరున నూకయ్య

సూసన్నకు ఆ రోజు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ జనం తరఫున ముప్పై ఏళ్లుగా రైల్వే ఆఫీసుల్లో దెబ్బలాడుతున్న మనిషి. ఆ ఏడాది కాలేజీ పిల్లలను వెంటేసుకుని పని నేర్పుతోంది. క్వార్టర్ల లైనుకు ఇంకో కుళాయి కావాలని ఇంటింటి పేర్లతో అర్జీ రాయమంటే, వాళ్లు నూకయ్య కొంప ముంచి వచ్చారు.

నూకయ్య వర్క్‌షాపులో చేరింది చనిపోయిన అన్న తవిటయ్య పేరున. అన్నకు వచ్చిన ఉద్యోగం కాగితం పట్టుకుని శ్రీకాకుళంలో బండెక్కాడు. పద్దెనిమిదేళ్లుగా హాజరు పుస్తకంలో తవిటయ్య, ఇంట్లో నూకయ్య. లైనులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సంగతి తెలియని కాలేజీ కుర్రాడు జగ్గారావు మాత్రం అర్జీలో నూకయ్య అని గుండ్రంగా రాసి, పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేశాడు. తవిటయ్య క్వార్టరులో ఈ నూకయ్య ఎవడని మధ్యాహ్నానికల్లా గుమాస్తా కబురు పంపాడు.

"బుద్ధుందేట్రా? సదువుకున్న గాడిదా! ఆఫీసులో ఏ పేరుందో అడగక్కర్లేదా?" అని సూసన్న వాడి మీద విరుచుకుపడింది.

జగ్గారావు తగ్గలేదు. "ఆఫీసోళ్ల పేరొద్దు, అమ్మ పెట్టిన పేరే రాయమన్నావు కదత్తా! ఈ సంగతి ఒక్క ముక్క సెప్పినావేటి?"

నిజమే. ఏటేటా పిల్లలకు ఆమె చెప్పే మొదటి పాఠం అదే.

ఇంతలో నూకయ్య పెళ్లాం చిలకమ్మ గుమ్మంలోకి వచ్చి దుమ్మెత్తిపోసింది. "నీ కుళాయి తగలెయ్య! మా ఆయన్ని జైల్లో ఎడితే నా పిల్లలకి కూడు నువ్వెడతావేటి?"

మర్నాడు జగ్గారావుతో కలిసి ఆఫీసుకు వెళ్లి, అర్జీలో పేర్లన్నీ తాను కల్పించినవేనని సూసన్న రాసిచ్చింది. అర్జీ బుట్టలో పడింది. ఇకపై ఆమె తెచ్చిన కాగితం ఏదీ పుచ్చుకునేది లేదని ఆఫీసరు తేల్చేశాడు.

"నలభై ఇళ్లూ అబద్ధమనేసినావా? సిగ్గులేదేటి?" అని బయటికి రాగానే జగ్గారావు అరిచాడు.

"ఒక్కడి పేరే అబద్ధమంటే అనుమానం ఆడి మీదే పడద్ది. ఎళ్లరా, నా కళ్లెదుట నిలబడకు."

వాడు వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అప్పుడే వర్క్‌షాపు గేట్లోంచి నూకయ్య వచ్చాడు. సూసన్నను చూసి, ఎవరో తెలియనట్టు మొహం తిప్పుకుని నడిచిపోయాడు. అలాగే చెయ్యాలి, నలుగురూ చూసే చోట పలకరిస్తే వాడికే ముప్పు. అది తెలిసినా ఆమెకు ఏడుపు ఆగలేదు.